మూసుకోని సున్నా

మూడు రోజులు ఒకే ఒక్క సున్నాతో సతమతమయ్యాను. పెన్ను ఎక్కడ బయల్దేరిందో తిరిగి అక్కడికే చేరాలి. చేరదు. అర మిల్లీమీటరు పక్కకి వచ్చి ఆగిపోతుంది. దూరం నుంచి చూస్తే గుండ్రంగానే ఉంది కదా అనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే పైన, కింద, కుడివైపు, ఎడమవైపు, నాలుగు చోట్ల వేలితో నొక్కినట్టు చదునుగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు రాయిస్తే ఇది ఎవరి కంటా పడేది కాదు, వాటిలో సగం నిలువు గీతలే. మనకి అన్నీ వంపులే. సున్నా మూసుకోకపోతే ఇంక చూడ్డానికి ఏముంది!

ఆ సున్నా గీసేది పాత డీవీడీ డ్రైవులతో నేను కట్టిన బొమ్మలు గీసే మిషను. తమ్ముడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాడైన డ్రైవులు వాడి దగ్గర గుట్టగా పడి ఉంటే మూడు తెచ్చుకున్నాను. కొన్నవి మనం రాసిన ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో అనే చిన్న బోర్డు, దాని మీద కూర్చుని మోటార్లు నడిపే ఎల్293డీ షీల్డు, పెన్ను ఎత్తి దించడానికి తొమ్మిది గ్రాముల చిన్న సర్వో మోటారు. మిగతాదంతా తుక్కే.

డ్రైవు విప్పడం తేలిక. కింద నాలుగు స్క్రూలు, ముందు చిన్న కన్నంలోకి పేపర్ క్లిప్ నిటారుగా చేసి గుచ్చితే ట్రే బయటికొస్తుంది. లోపల లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపే చిన్న బండి ఒకటి ఉంటుంది. రెండు ఇనుప కడ్డీల మీద జారుతుంది. పక్కనే మర తీసిన సన్నటి రాడ్డు, దాని చివర మోటారు. మనకి కావాల్సింది ఈ బండీ, ఈ మోటారూ. మూడింట్లో ఒకదానికి రెండే వైర్లు ఉన్నాయి, మామూలు డీసీ మోటారు. ఎంత తిరిగిందో లెక్క తెలీదు కాబట్టి పక్కన పడేశాను. నాలుగు కనెక్షన్లు ఉన్నవే స్టెప్పర్లు, అంటే లెక్కపెట్టినట్టు అడుగు అడుగుగా తిరిగే మోటార్లు. లోపల రెండు కాయిళ్లు, తీగచుట్టలు. మల్టీమీటరు పెట్టి చూస్తే ఏ రెండు కొసలు ఒక జతో తెలిసిపోతుంది. మీటరు లేకపోయినా రెండు కొసలు కలిపి పట్టుకుని వేళ్లతో రాడ్డు తిప్పండి. తిరగడానికి మొరాయిస్తే అవి జత. ఆ కొసల మీద వైర్లు సోల్డర్ చెయ్యడం మాత్రం చిరాకు పని. సినిమా రీలు లాంటి పట్టీ మీద ఆవగింజల్లాంటి నాలుగు చుక్కలు. ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే పట్టీ కాలిపోతుంది. అలా ఒక మోటారు పోయింది, ఇంకో డ్రైవు తేవాల్సొచ్చింది.

ఒక్క మాట. ఆ లెన్సు కింది లేజర్ డయోడ్‌కి కరెంటు ఇచ్చి చూడాలని ఎవరికైనా సరదా పుడితే, వద్దు. డీవీడీ రాసే డ్రైవులో ఎర్ర లేజర్ కంటిని పాడు చేసేంత బలంగా ఉంటుంది. నేను లెన్సు సరంజామా మొత్తం పీకి పారేశాను. ఆ పారెయ్యడంలోనే తప్పు చేశానని తర్వాత తెలిసింది.

మోటారు ఒక చుట్టుకి 20 అడుగులు వేస్తుంది. నా రాడ్డు ఒక చుట్టు తిరిగితే బండి 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే అడుగుకి 0.15. అన్ని డ్రైవులకీ ఇదే లెక్క ఉండాలని లేదు కాబట్టి 250 అడుగులు వేయించి స్కేలు పెట్టి చూశాను. ముప్ఫై ఏడున్నర మిల్లీమీటర్లు, సరిగ్గా. గీసే చోటు అంతే, ఇంచుమించు అగ్గిపెట్టె అంత. ఒక బండి మీద కాగితం, దానికి అడ్డంగా పైన ఇంకో బండి, దానికి పెన్ను. డ్రైవు రేకు డబ్బాలే పీట.

కరెంటు పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ నుంచి, అంటే కంప్యూటరుకి కరెంటు అందించే డబ్బా నుంచి తీసుకున్నాను. పచ్చ వైరుని నల్ల వైరుకి కలిపితే ఆన్ అవుతుంది, ఎర్ర వైరులో 5 వోల్టులు వస్తాయి. ఆ డబ్బా మూత మాత్రం తియ్యకండి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. మొదట్లో సర్వోని ఆర్డుయినోకే తగిలించాను. అది పెన్ను ఎత్తిన ప్రతిసారీ ఒక్కసారిగా కరెంటు లాగేది, బోర్డు రీసెట్ అయ్యేది, బొమ్మ మళ్లీ మొదటికి. సర్వోకి ఎస్‌ఎంపీఎస్ నుంచి ఇచ్చాను. ఈసారి సర్వోకి వణుకుడు జబ్బు. ఆర్డుయినో, ఎస్‌ఎంపీఎస్ రెండింటి గ్రౌండు, అంటే మైనస్ వైపు, కలపడం మర్చిపోయానని తెలుసుకోడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇంత చేసి మొదటి అక్షరం రాయిస్తే అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. అది మాత్రం చిటికెలో పోయింది, ఒక కాయిల్ రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మారిస్తే మోటారు ఎదురు తిరుగుతుంది.

అక్షరాల సంగతి ఇంకోటి ఉంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంటుతో టైపు చేసి పంపితే పెన్ను అక్షరం చుట్టూ అంచు గీస్తుంది, లోపల డొల్ల. ఫాంటు అంటేనే అంచుల బొమ్మ కదా. అందుకని అక్షరాలన్నీ నేనే ఒంటి గీతతో, మన చెయ్యి రాసే వరసలో మళ్లీ గీసుకున్నాను. ర ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పుతామో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. గీతలు జీ-కోడ్‌గా, అంటే మిషనుకి అర్థమయ్యే ఆదేశాలుగా మారి వెళ్తాయి. పెన్ను దించడానికి ఎం300 ఎస్30, ఎత్తడానికి ఎం300 ఎస్50. త్రీడీ ప్రింటర్లలో ఇదే ఎం300 కొడితే బీప్ మంటుంది.

ఇక సున్నా దగ్గరికొద్దాం. నా మొదటి అనుమానం అడుగుల మీదే. అడ్డంగా ఒక మోటారు, నిలువుగా ఒక మోటారు ఉన్నప్పుడు ఏటవాలు గీత గీయాలంటే మెట్లు మెట్లుగానే గీయాలి. ఎప్పుడు ఏ మోటారు కదలాలో కూడికలు తీసివేతలతోనే తేల్చే లెక్క జాక్ బ్రెసెన్‌హామ్ అనే ఐబీఎమ్ ఉద్యోగి 1962లో రాశాడు, నా ప్రోగ్రాములోనూ అదే ఉంది. ఆయన దాన్ని రాసింది కంప్యూటరు తెర కోసం కాదు, కాల్‌కాంప్ కంపెనీ గీతల మిషను కోసం. 1959లో వచ్చిన కాల్‌కాంప్ 565 అడుగు అంగుళంలో నూరో వంతు, అంటే పావు మిల్లీమీటరు. తుక్కులో దొరికిన నా మోటారు అడుగు అంతకన్నా చిన్నది! అంటే గొడవ అడుగుల పెద్దచిన్నల్లో లేదు. పైగా అడుగులే కారణమైతే సున్నా అంతటా గరుకుగా రావాలి. నాలుగు చోట్లే ఎందుకు?

ఆ నాలుగు చోట్లా ఏదో ఒక మోటారు దిశ మార్చుకుంటుంది. ముందుకి తిరుగుతున్నది వెనక్కి తిరగడం మొదలుపెట్టాక బండి వెంటనే కదలదు. రాడ్డు మరకీ, అందులో కూర్చున్న ప్లాస్టిక్ పళ్లకీ మధ్య వదులుంటే ముందు ఆ వదులు తీరాలి. వేలితో బండిని అటూ ఇటూ కదిపి చూశాను. టిక్, టిక్. అర మిల్లీమీటరు లొడలొడ. మూడు అడుగులు గాలిలో పోతున్నాయి.

ప్రోగ్రాములోనే సర్దేద్దామని దిశ మారినప్పుడల్లా మూడు అడుగులు అదనంగా వేయించాను. మెరుగైంది కానీ కుదరలేదు. పెన్ను కాగితాన్ని గట్టిగా ఒత్తితే వదులు ఒకలా, తేలిగ్గా ఒత్తితే ఇంకోలా. రెండో రోజు మొత్తం మూడా, రెండా, నాలుగా అని అంకెలు మార్చుకుంటూ కూర్చున్నాను. టెన్షన్‌కి తల పగిలిపోయింది. సీడీ మీద లేజర్ చదివే జాడల మధ్య ఎడం 1.6 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), డీవీడీలో అయితే 0.74. అంత సన్నటి జాడని పట్టిన డ్రైవు అర మిల్లీమీటరు వదులుతో ఎలా బతికిందని ఒకటే కోపం. అందులో సగం నా తెలివితక్కువతనమే. మోటారు చేసేది లెన్సుని జాడ దగ్గరదాకా దింపడమే. అక్కణ్నించి సన్నపని లెన్సు చుట్టూ ఉండే చిన్న కాయిళ్లది. వాటిని నేనే పీకి పారేశాను. అయినా అర మిల్లీమీటరు మరీ ఎక్కువ.

మూడో రోజు తమ్ముడు వచ్చాడు. సున్నా చూసి నవ్వలేదు, అందుకు మెచ్చుకోవాలి. బండిని వెనక్కి తిప్పి టార్చి వేశాడు.

"దీని స్ప్రింగ్ ఏదక్కా?"

"ఏ స్ప్రింగు?"

"పళ్ల పట్టీ రెండు ముక్కలుంది చూడు. మధ్యలో స్ప్రింగుండాలి. ఒక ముక్కని ముందుకి, ఇంకోదాన్ని వెనక్కి నెడుతుంది. మర గాడికి రెండు వైపులా పళ్లు ఆనుకుని ఉంటే వదులెక్కడిది?"

గుర్తొచ్చింది. లెన్సు పీకినప్పుడు బియ్యపుగింజంత స్ప్రింగు ఒకటి బల్ల మీదకి ఎగిరింది. రెండో డ్రైవులోనూ ఎగిరింది. లెన్సుదే అనుకుని రెండింటినీ ఊడ్చేశాను.

వాడు వెళ్లాక ఇంట్లో ఉన్నవన్నీ వెతికాను. బాల్‌పెన్ను స్ప్రింగు ఒకటి సరిపోయేలా కనిపించింది. ఆరు చుట్లు కత్తిరించి ఇరికిస్తే మోటారు గుర్రుమంటూ వణికింది తప్ప కదల్లేదు, ఒత్తిడి ఎక్కువ. ఒక్కో చుట్టూ తగ్గించుకుంటూ పోతే మూడు చుట్ల దగ్గర బండి జారింది. వేలితో కదిపితే టిక్ లేదు. రెండో బండికీ అదే పెన్నులోంచి ఇంకో మూడు చుట్లు. అదనపు అడుగులు ప్రోగ్రాములోంచి తీసేసి సున్నా గీయించాను. మూసుకుంది. నమ్మకం కుదరక అదే సున్నా మీద ఇంకో ఐదుసార్లు తిప్పించాను. గీత లావెక్కలేదు.

తర్వాతి వారం తమ్ముడికి ర, ఠ, రం అన్నీ వరసగా చూపించాను. బావుందన్నాడు. అంతలో ఫోనొస్తే ఏదో నంబరు రాసుకోవాలని నా బల్ల మీద పెన్ను తీసి నొక్కాడు. రీఫిల్ బయటికి రాలేదు. మళ్లీ నొక్కాడు, పెన్ను దులిపాడు, మూత తిప్పి లోపలికి చూశాడు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"దీని స్ప్రింగ్ ఏదక్కా?"