ఆడపిల్లల గొంతూ మారుతుంది

మగపిల్లవాడి గొంతు మారితే అందరికీ తెలుస్తుంది. కాసేపు నవ్వి ఊరుకుంటారు. పదమూడో ఏట నా గొంతు మారినప్పుడు మాత్రం ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. ఇంట్లో జలుబన్నారు. సంగీతం టీచరుగారు సాధన మానేశానన్నారు. ఫోనెత్తితే అవతలివాళ్లు నన్ను తమ్ముడనుకునేవారు. అన్నిటికన్నా కష్టం తరగతిలో లేచి చదవడం. "భయపడకు, ధైర్యంగా చదువు" అనేవారు. నాకు భయమే లేదు! గొంతులో గాలి వినబడితే మనిషిలో పిరికితనం ఉందనుకోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

నిజానికి శ్రుతి దిగింది కొంచెమే. మగపిల్లలకు దాదాపు ఒక స్థాయి మొత్తం, అంటే కింది స నుంచి పై స దాకా ఉండే పన్నెండు అర్ధస్వరాలూ దిగితే, ఆడపిల్లలకు దిగేది ఇంచుమించు మూడు అర్ధస్వరాలు. నన్ను ఇబ్బంది పెట్టింది గాలి. వాక్యం చివరికి వచ్చేసరికి శబ్దం పోయి ఊపిరే మిగిలేది. పాడుతుంటే పై స్వరాల దగ్గర గొంతు ఉన్నట్టుండి తెగేది.

జలుబు మందులతో తగ్గకపోయేసరికి గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూశారు. నొప్పి లేదు గానీ కళ్ల నిండా నీళ్లు. కాయలు, వాపు ఏమీ లేవు. గొంతులో కంపించి శబ్దం పుట్టించే స్వరతంత్రులు ముందువైపు చక్కగా కలుస్తున్నాయి, వెనకవైపు చిన్న సందు మిగులుతోంది. స్వరపేటిక పెరిగే వయసులో ఇది మామూలేనని, తంత్రులను దగ్గరికి చేర్చే కండరాలు ఇంకా కుదురుకోవాలని చెప్పారు. ఆ సందులోంచి జారే గాలినే అందరూ జలుబనీ బెరుకనీ అనుకున్నారు.

తరువాత స్పీచ్ థెరపిస్టు నేర్పినవి: స్ట్రాతో నీళ్లలోకి బుడగలు వదులుతూ "ఊ" అనడం, పెదవులు మూసి కూనిరాగం తీయడం. అరవకూడదు, ఊరికే గొంతు సవరించుకోకూడదు. వినేవాళ్లు శ్రుతి ఒక్కటే పట్టించుకోరని, నోటిలో, గొంతులో పుట్టే ప్రతిధ్వనిని, మాట ఎత్తే దించే తీరును కలిపి ఆడో మగో, వయసెంతో ఊహిస్తారని కూడా ఆవిడే చెప్పారు.

డాక్టరు రాసిచ్చిన కాగితం చూశాక టీచరుగారు శ్రుతి తగ్గించారు, పై స్వరాలున్న పాటలు కొంతకాలం ఆపారు. గాలి నెమ్మదిగా తగ్గింది. పదహారు దాటాక పై స్వరాలు తిరిగొచ్చాయి. మునుపు అందని కింది స్వరాలు కూడా ఇప్పుడు పలుకుతున్నాయి.