పక్కవాళ్ల రాతలతో మా న్యూస్‌లెటర్ నడిపిన కథ

చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది. మార్కెటింగ్ టీమ్ అంటే నేనొక్కదాన్నే. వారానికి రెండు వ్యాసాలు రాద్దామని ప్లాన్ వేసుకున్నాం కానీ రెండో నెలకే నా దగ్గర సరుకు అయిపోయింది. "అన్నీ మీరే రాయాలని ఏముందండి, బయట బోలెడు మంచివి ఉన్నాయిగా, ఏరి పంపండి" అన్నారు మా మేనేజర్. హమ్మయ్య, పని సగానికి సగం తగ్గిందనుకున్నాను. ఏం తగ్గలేదు.

మొదటి న్యూస్‌లెటర్‌లో 15 లింకులు పెట్టాను. శీర్షిక, దాని కింద లింక్, అంతే. ఎవరేది నొక్కుతున్నారో చూద్దామని ప్రతి లింక్‌కీ యూటీఎమ్ ట్యాగ్ (క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చిన్న గుర్తు) తగిలించాను కూడా. పరాయి సైట్ లింక్‌కి ఆ ట్యాగ్ పెడితే లెక్క వాళ్ల సైట్‌కి వచ్చినవాళ్లను లెక్కపెట్టే అనలిటిక్స్‌లో పడుతుంది తప్ప మనకు కనపడదని అప్పుడు తట్టలేదు (నవ్వుకోండి, పర్లేదు). చివరికి మెయిల్ పంపే టూల్‌లోనే క్లిక్కుల లెక్క దొరికింది. మూడో లింక్ దాటి కిందికి వెళ్లినవాళ్లు దాదాపు లేరు.

ఐదో వారం పరువు పోయింది. జీతాల లెక్కల్లో జరిగే పొరపాట్ల మీద ఒక వ్యాసం బాగుందనిపించి, సగం చదివి పెట్టేశాను. దాని చివరి పేరాలో మా పోటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడమని సలహా, కింద ఫ్రీ ట్రయల్ బటన్. మా కస్టమర్ ఒకాయన జవాబు రాశారు: "అయితే మమ్మల్ని అటు మారిపొమ్మంటారా?" అని. ఆ రోజు నుంచి చివరి అక్షరం దాకా చదవనిది పంపడం లేదు. చదవడం మొదలెట్టాక ఇంకో సంగతి బయటపడింది. మూడు వ్యాసాల్లో ఒకే అంకె కనిపిస్తే నిజమే కాబోలు అనుకుంటాం కదా, వెనక్కి వెళ్లి చూస్తే ఆ మూడూ ఒకదాన్ని చూసి ఇంకోటి రాసినవే. మూలం దొరక్కపోతే ఆ అంకెని వదిలేస్తున్నాను.

తర్వాత బొమ్మ గొడవ. ఒక డిజైనర్ వేసిన చార్ట్‌ని, కింద ఆమె పేరు రాసి మరీ, మెయిల్‌లో పెట్టాను. రెండు రోజులకే ఆమె దగ్గర్నుంచి మెయిల్, మర్యాదగానే, కానీ సూటిగా: పేరు వేయడం వేరు, అనుమతి అడగడం వేరు అని. నిజమే. బెర్న్ ఒప్పందంలో (కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న ఒడంబడిక) ఉన్న దేశాల్లో కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, గీసిన క్షణం నుంచే అది ఆమెది. క్షమాపణ చెప్పి, మా సైట్‌లో ఉన్న పాత సంచికలోంచి తీసేశాను. వెళ్లిపోయిన మెయిల్స్‌ని ఏం చేయగలం.

అప్పుడు కూర్చుని క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు (తమ పనిని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో సృష్టించినవాళ్లే ముందుగా చెప్పే అనుమతులు) చదివాను. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, మేం చేసేది అదే. ఎన్‌డీ అని ఉంటే మార్చి పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. నేనేమో అప్పటికే ఒక ఎన్‌డీ వ్యాసాన్ని తెలుగులోకి దించి డ్రాఫ్ట్‌లో పెట్టుకుని మురిసిపోతున్నాను. డిలీట్. అడిగితే ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. అడగడానికి మొహమాటపడ్డది నేనే.

ఇప్పుడు 15 లేవు, నాలుగు లింకులే. కానీ ఒక్కోదానికి ముందు నా మాట ఉంటుంది, వ్యాసం సారాంశం కాదు, అది చదివాక నాకేం అనిపించిందో అది. ఉదాహరణకి ఒక వ్యాసం 25వ తేదీకల్లా హాజరు లెక్క మూసేయమంది. దాని పైన ఇలా రాశాను: "మీలో చాలామందికి హాజరు 28కి గానీ చేతికి రాదు, కాబట్టి ఈ సలహా మనకు నప్పదు. రెండో సగంలోని చెక్‌లిస్ట్ మాత్రం ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి." ఆ వారం 11 జవాబులొచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ రెండు దాటలేదు. సగంమంది నాతో వాదనకే దిగారు, అయినా జవాబు జవాబే కదా.

టూల్స్ సంగతి పెద్దగా లేదు. సైట్లన్నిటిలో కొత్తగా వచ్చినవాటిని ఆర్ఎస్ఎస్ ఫీడ్ల ద్వారా ఒకేచోట చూపించే ఫీడ్లీ అనే యాప్‌లో చూస్తాను. లింకులు దాచుకోవడానికి పాకెట్ అనే యాప్ వాడేదాన్ని, 2025 జులైలో మొజిల్లా దాన్ని మూసేశాక మామూలు షీట్‌కి వచ్చేశాను. అందులో లింక్, రాసినవాళ్ల పేరు, తేదీ, లైసెన్స్, చివర "ఎందుకు" అని ఒక గడి. ఆ గడిలో ఒక్క వాక్యమైనా రాయలేకపోతే ఆ లింక్ పోదు. పంపే ముందు అన్ని లింకులూ మళ్లీ తెరిచి చూస్తాను, ఎందుకంటే దాచుకున్న రోజున్న పేజీ పంపే రోజుకి ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మొత్తానికి వారానికి ఐదారు గంటలు పడుతోంది. అంత టైమ్‌లో సొంత వ్యాసం ఒకటి రాసేయొచ్చని మా మేనేజర్ ఈ మధ్య అంటున్నారు. ఆయన మాట కూడా నిజమే. కానీ ఆ జవాబుల్లోంచే నాకు మూడు సొంత వ్యాసాలకు సరుకు దొరికింది, అందులో ఒకటి ఆ 25, 28 తేదీల గొడవ మీదే.