ఇరవై వేల లోపు శాక్సోఫోన్ కొనవచ్చునా?

భీమవరంలో ఉంటున్న మా అన్నయ్య కూతురు చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకుంది. ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరంలో ఉండగా శాక్సోఫోన్ నేర్చుకోవాలని పట్టుబట్టింది. పోయిన వారం ఫోన్‌లో ఒక ఫొటో పంపి, "బాబాయ్, ఇది పంతొమ్మిది వేలకే వస్తోంది. పెట్టె, రీడ్లు, మెడపట్టీ, చేతి తొడుగులు కూడా ఇస్తారట. కొనేయమంటారా?" అని అడిగింది. ఫొటోలో వాయిద్యం బంగారంలా మెరిసిపోతోంది. వద్దని ఒక్క మాటలో చెప్పవచ్చు కానీ, పదకొండేళ్ల క్రితం నేను కూడా సరిగ్గా అలాంటి వాయిద్యాన్నే, అలాంటి ఫొటోనే చూసి కొన్నాను. అందువల్ల కారణాలన్నీ వివరంగా రాయడం నా బాధ్యత అనిపించింది.

నేను పెట్టిన ధర పదిహేడు వేల అయిదు వందలు. రాజమహేంద్రవరంలో పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు క్లారినెట్ వాయించిన ఒక పెద్దాయన దగ్గర పాఠాలు మొదలుపెట్టాను. మధ్యస్థాయి స్వరాలు ఏదో ఒక తీరున పలికేవి. కిందికి దిగేకొద్దీ నాదం గరగరలాడి, అతి మంద్రంలోని సి, బి, బి ఫ్లాట్ స్వరాల దగ్గర పూర్తిగా విరిగిపోయి, పై స్థాయిలోకి ఎగిరిపోయేది. అది నా ఊపిరిలోని లోపమే అనుకున్నాను. తెల్లవారుజామున లేచి ఒక్కొక్క స్వరాన్ని దీర్ఘంగా ఊదడం సాధన చేశాను. గొట్టం మీది రంధ్రాలను మూసే మూతలు సరిగ్గా పడటం లేదేమోనన్న అనుమానంతో వేళ్ల కొసలు ఎర్రబడేంత గట్టిగా నొక్కాను. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి మా గురువుగారే పట్టుబట్టి నన్ను చెన్నైలో వాయిద్యాలు బాగుచేసే ఒక మేస్త్రి దగ్గరకు పంపించారు. ఆయన గదిలో దీపం ఆర్పి, సన్నని బల్బుల తీగను గొట్టంలోకి దించి, ఒక్కొక్క మూతనే మెల్లగా మూస్తూ చూపించారు. మూసి ఉన్న నాలుగు మూతల అంచుల నుంచి వెలుగు బయటికి వస్తోంది. "మీ ఊపిరికేం తక్కువ లేదండీ, ఈ వాయిద్యాన్ని అమ్మేముందు ఎవరూ ఒక్కసారి కూడా పరీక్షించలేదు" అన్నారాయన. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు గురించి కాదు, నన్ను నేను తప్పుపట్టుకుంటూ గడిపిన ఆ ఎనిమిది నెలల గురించి.

వెలుగు వచ్చిన చోట గాలి కూడా పోతుంది. శాక్సోఫోన్ నోటి దగ్గర సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యే ఇత్తడి గొట్టం. దాని మీద ఇరవైకి పైగా రంధ్రాలు, ప్రతి రంధ్రానికి ఒక మూత, మూత లోపల తోలు తొడిగిన మెత్తని ప్యాడు ఉంటాయి. పై నుంచి కిందికి వరుసగా రంధ్రాలను మూసుకుంటూ పోతే లోపలి గాలి స్తంభం పొడవు పెరిగి స్వరం దిగుతుంది. కాబట్టి మీద ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి సందు ఉన్నా దాని ప్రభావం కింది స్వరాలన్నిటి మీదా పడుతుంది. అతి మంద్రంలోని బి ఫ్లాట్ పలకాలంటే మూతలన్నీ ఒకేసారి గాలి చొరబడకుండా పడాలి. రంధ్రాల అంచులు సమతలంగా లేకపోయినా, ప్యాడు ఒక పక్కకు వాలినా ఆ స్వరం రాదు. ఈ పనంతా చివరి దశలో చేతితో, ఓపికగా, ఒక్కొక్క మూత దగ్గర ఆగి చేయవలసినది. ధర తగ్గించాలనుకున్న తయారీదారు మొదట కోత పెట్టేది ఇక్కడే, ఎందుకంటే ఇది ఫొటోలో కనిపించదు.

ఫొటోలో నిజంగానే ఏమీ కనిపించదు. పారిస్‌కు చెందిన సెల్మర్ సంస్థ 1954లో తీసుకువచ్చిన మార్క్ సిక్స్ నమూనాలోని కీల, అంటే మూతలను కదిపే మీటల, అమరికనే ఈనాటి శాక్సోఫోన్లు చాలావరకు అనుసరిస్తున్నాయి కనుక, లక్షల ఖరీదు చేసేదీ పంతొమ్మిది వేలదీ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. తేడా లోహంలో ఉంటుంది. చవక వాయిద్యంలో కీలు మెత్తని ఇత్తడివి కావడంతో పెట్టెలో కాస్త గట్టిగా తగిలినా వంగిపోతాయి. వంగితే ప్యాడు వాలుతుంది, వాలితే మళ్లీ గాలి పోతుంది. సూదుల్లా ఉండే స్ప్రింగులు కోస్తా తేమకు తొందరగా తుప్పు పడతాయి. నాది మరమ్మతు చేయించిన ఆరు నెలలకే జి షార్ప్ కీని నిలిపే చిన్న స్తంభం టంకం ఊడి చేతికి వచ్చింది. అతికించగలిగారు. ఆ తరువాత ఒక కీ విరిగినప్పుడు మాత్రం ఆ విడిభాగం దేశంలో ఎక్కడా దొరకలేదు, ఎందుకంటే ఆ పేరుతో అమ్మినవారు అప్పటికే వేరే పేరుతో వేరే వాయిద్యాన్ని అమ్ముతున్నారు.

చవక వాయిద్యాల విషయంలో "ఏ బ్రాండు మంచిది" అన్న ప్రశ్నకు అర్థం తక్కువ. వాయిద్యం చివర గంటలా విచ్చుకునే భాగం మీద చెక్కిన పేరు చాలాసార్లు తయారు చేసినవారిది కాదు, అమ్మినవారిది. ఇది కొత్త పద్ధతి కూడా కాదు. అమెరికాలో కాన్ వంటి పెద్ద సంస్థలు 1920లలోనే దుకాణాలు కోరిన పేర్లు చెక్కి శాక్సోఫోన్లు తయారుచేసి ఇచ్చేవి. అయితే అప్పుడు ఆ పేరు వెనుక ఒక నమ్మకమైన ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు ఒకే పేరు మీద ఈ ఏడాది ఒక చోట తయారైనవీ, వచ్చే ఏడాది మరొక చోట తయారైనవీ రావచ్చు. అందుకే ఒకరు బాగుందని చెప్పిన వాయిద్యాన్ని అదే పేరు చూసి మరొకరు కొని బాధపడటం జరుగుతోంది.

ధర తక్కువైనవన్నీ చెడ్డవని నేను అనడం లేదు. తైవాన్‌లో తైచుంగ్ దగ్గర హౌలీ అనే ఊరు ఉంది. అక్కడ చాంగ్ లియెన్‌చెంగ్ అనే చిత్రకారుడు, అగ్నిప్రమాదంలో పాడైన ఒక శాక్సోఫోన్‌ను భాగాలుగా విడదీసి, ప్రతి భాగం బొమ్మ గీసుకుని, చేతితో ఒక వాయిద్యాన్ని తయారుచేశాడు. ఆ ఒక్క మనిషి పట్టుదల వల్ల ఊరు ఊరంతా శాక్సోఫోన్ల తయారీ నేర్చింది. ఒకప్పుడు తైవాన్ సరుకంటే చులకనగా చూసినవారే ఈనాడు అక్కడి వాయిద్యాలను గౌరవంగా కొంటున్నారు. చైనాలో తయారయ్యే వాటిలోనూ పంపేముందు శ్రద్ధగా సరిచూసి పంపేవి లేకపోలేదు. ఆ శ్రద్ధకు ఖర్చు అవుతుంది, ఆ ఖర్చు ఇరవై వేలలో ఇమడదు. నేను చెప్పదలచుకున్నది అంతే.

ఈ వాదనకు ఎదురుగా అందరూ అమెరికా జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌ను చూపిస్తారు. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్ కచేరీలో ఆయన వాయించింది గ్రాఫ్టన్ అనే ప్లాస్టిక్ ఆల్టో (శాక్సోఫోన్లలో ఒక రకం). ఇత్తడి వాయిద్యం కంటే చాలా తక్కువ ధరకు అమ్మాలని లండన్‌లో తయారుచేసిన వాయిద్యం అది. ఆ కచేరీ ఎంతో గొప్పది, నిజమే. కానీ అక్కడ వాయించినవాడు అప్పటికే ఆ వాయిద్యానికి ప్రపంచంలో సాటిలేని విద్వాంసుడు. ఏ స్వరం ఎక్కడ జారుతుందో ఆయన పెదవికి తెలుసు, జారకముందే దాన్ని పట్టుకోగలడు. మొదటి పాఠం నేర్చుకుంటున్న పిల్లకు ఆ పెదవి లేదు. అసలు ఇత్తడిదైనా ప్లాస్టిక్‌దైనా, లోపాలున్న వాయిద్యాన్ని లొంగదీసుకోగలిగే స్థాయికి చేరాలంటే ముందు లోపాలు లేని వాయిద్యం మీద కొన్నేళ్లు గడపాలి.

మన సంగీతం నేర్చుకునేవారికి ఇంకొక చిక్కు ఉంది. ఆల్టో శాక్సోఫోన్‌లో ఎఫ్ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే అది ఐదున్నర శ్రుతి అవుతుంది. మా అమ్మాయి పాడే శ్రుతి అదే కాబట్టి ఆమె అక్కడి నుంచే మొదలుపెడుతుంది. సరళీ వరుసలు మాయామాళవగౌళలో కదా. ఆ లెక్కన శుద్ధ ధైవతం సి షార్ప్ మీద పడుతుంది. అది వేళ్లన్నీ ఎత్తి వాయించే స్వరం. ఆ వెంటనే నిషాదానికి పోవాలంటే దాదాపు వేళ్లన్నీ ఒకేసారి మూసి, బొటనవేలితో స్థాయి మార్చే కీ కూడా నొక్కాలి. మంచి వాయిద్యంలో కూడా ఆ దాటు సున్నితమైనదే. చవకవాటిలో ఆ ధైవతం శ్రుతికి దిగువన ఉండిపోతుంది, దాటగానే స్వరాలు ఎగువకు లేస్తాయి. వెనుక తంబుర మోగుతూ ఉంటే ఆ తేడా చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. గాత్రం నేర్చుకున్న చెవికి అది మరీ నరకం. అందుకని పెదవి బిగించి సరిచేయడం అలవాటవుతుంది, తరువాత మంచి వాయిద్యం చేతికి వచ్చినా ఆ అలవాటు వదలదు. నాకు వదలడానికి ఏడాదికి పైగా పట్టింది.

మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాయిద్యాన్ని విని దానిని కర్ణాటక సంగీతానికి లొంగదీసుకోవాలని సంకల్పించిన కద్రి గోపాల్‌నాథ్ గారు, 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవ వేదిక మీద వాయించేదాకా ఎదిగారు. శాక్సోఫోన్ మీద గమకం పలకాలంటే పెదవి ఒత్తిడితో పాటు మూతలను సగం సగం తెరవడం కూడా తెలియాలి. మూత ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎంత మృదువుగా వాలుతుందో ప్రతిసారీ ఒకేలా ఉంటేనే అది సాధ్యం. వదులైన కీల మీద ఆ సాధన మొదలే కాదు.

మీరట్‌లోని జలీ కోఠీలో తయారైన వాయిద్యాలతో మన పెళ్లి బ్యాండ్లవారు జీవితాలు గడిపారు కదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనది. మా గురువుగారి బృందంలోనే అలాంటివారు ఉండేవారు. స్ప్రింగు పోతే రబ్బరు బ్యాండు కట్టి, ప్యాడు చిరిగితే తోలు ముక్క కత్తిరించి అంటించి, ఊరేగింపు మొదలయ్యేలోగా వాయిద్యాన్ని మళ్లీ పలికించేవారు. వారి విద్య పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే వారు వాయించేవారే కాదు, బాగుచేసుకునేవారు కూడా. వాయిద్యం ఎక్కడ మూలుగుతుందో పక్కన కూర్చుని చూపించే పెద్దవారు వారికి ఉండేవారు. అలాంటి తోడు ఉన్నవారు చవక వాయిద్యం కొన్నా నష్టపోరు. భీమవరంలో ఒంటరిగా వీడియోలు చూసి నేర్చుకోబోయే అమ్మాయికి ఆ తోడు లేదు.

అందుకే ఆమెకు ఇలా చెప్పాను. కొత్త యమహా వైఏఎస్-280 లక్ష దాటుతుంది, అది ఇప్పుడు మన వల్ల కాదు. అదే సంస్థ పాత విద్యార్థి నమూనాలు, ముఖ్యంగా వైఏఎస్-23 వంటివి, వాడినవి దొరుకుతాయి. సరిగ్గా చూసుకున్న పాత వాయిద్యం కొత్త చవకదాని కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, విడిభాగాలు దొరుకుతాయి, ఎప్పుడైనా అమ్మితే పెట్టిన డబ్బులో చాలా భాగం తిరిగి వస్తుంది. అది కుదరకపోతే మధ్య ధరలో తైవాన్‌దో మరొకటో చూడవచ్చు, కానీ మేస్త్రి చేత సెటప్ చేయించే, అంటే మూతలూ కీలూ సరిచూసి అమర్పించే, ఖర్చును మొదటి రోజే ధరలో కలిపి లెక్కవేసుకోవాలి. అలాంటిది కొంటే దానితో వచ్చే మౌత్‌పీసును, అంటే నోట పెట్టుకుని ఊదే భాగాన్ని, పక్కన పెట్టి యమహా 4సి కొనుక్కోమన్నాను. కొద్ది ఖర్చుతో నాదంలో అంత తేడా తెచ్చే మార్పు మరొకటి నాకు తెలియదు. రీడు, అంటే మౌత్‌పీసుకు బిగించే సన్నని బద్ద, రెండో నంబరుతో మొదలుపెడితే చాలు.

కొనేముందు అతి మంద్రంలోని బి ఫ్లాట్ నుంచి తారస్థాయి వరకు ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా, తక్కువ ఊపిరితో ఊదించి వినాలి. గట్టిగా ఊదితే చిన్న లీకులు దాగిపోతాయి, కాబట్టి అమ్మేవారు గట్టిగా ఊది చూపిస్తే మళ్లీ మెల్లగా ఊదమని అడగాలి. కీలు వదులుగా ఉన్నాయేమో నొక్కకుండా పక్కలకు కదిపి చూడాలి. లక్కపూత వెలిసిపోయి ఉన్నా భయపడనక్కరలేదు, అది అందానికే. మెడ గొట్టం కిందికి వంగిపోయి ఉంటే మాత్రం వదిలేయాలి.

ఇంటిదగ్గర దాచుకున్న డబ్బుకు నేను కొంత కలుపుతానని చెప్పిన తరువాత ఆమె ఆ పంతొమ్మిది వేలదాన్ని వదులుకుంది. మంగళూరు, ఉడుపి వైపు గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ శాక్సోఫోన్ మేళాలు నిత్యం వినిపిస్తాయి కాబట్టి అక్కడ వాడిన వాయిద్యాలూ, వాటిని ఎరిగిన మేస్త్రులూ దొరుకుతారు. ఒక వైఏఎస్-23 ఉందని కబురు వచ్చింది. వచ్చే నెల మొదటి వారంలో ఇద్దరం రైలెక్కుతున్నాము. నా సంచిలో రెండో నంబరు రీడ్ల డబ్బా, ఎలక్ట్రానిక్ తంబుర, చెన్నై మేస్త్రి అప్పట్లో నాకిచ్చిన బల్బుల తీగ సర్దిపెట్టాను.