స్లీపింగ్ బ్యాగు కొనబోయి నేను పడ్డ అవమానం

డిసెంబరు చివర ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ నుంచి కేదార్‌కంఠ ఎక్కబోతున్నాం. శిఖరం 3,810 మీటర్లు, ఆ నెలలో దారంతా మంచే. మా మోత మేమే మోస్తాం కనుక ప్రతి 100 గ్రాములూ లెక్కే. సామాను ఖర్చు 10,000 రూపాయలు దాటకూడదని ముందే అనుకున్నాను.

బ్యాక్‌ప్యాక్ సులువుగా దొరికింది: 50 లీటర్లది, నడుము పట్టీ గట్టిది. కింద పరుచుకునే ఫోమ్ మ్యాటు 400 గ్రాములే. స్టీలు సీసా బదులు లీటరు కూల్‌డ్రింకు సీసాలు రెండు చాలు, పైసా ఖర్చు లేదు.

స్లీపింగ్ బ్యాగు దగ్గర మాత్రం నా ఓపిక పరీక్షకు వచ్చింది. నగరంలోని ఒక పెద్ద దుకాణంలో సంచి మీద, ఎన్ని డిగ్రీల చలికి పనికొస్తుందో చెబుతున్నట్టు, ‘మైనస్ 15’ అని అరచేయంత అంకె వేసి పెట్టారు. బరువెంత అని అడిగితే సేల్స్‌మన్ తెలియదన్నాడు. కాటా ఉంటే తూచి చెప్పమన్నాను. ‘‘రెండు కిలోలు మోయలేనివాళ్లకు కొండలెందుకు సార్?’’ అన్నాడు, నలుగురూ వినేలా. పక్కవాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

అయినా అక్కడి నుంచి కదలలేదు. బ్యాగు తిరగేసి లోపల కుట్టిన చిన్న పట్టీ చదివాను. కంఫర్ట్ 5, లిమిట్ 0, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 15. మొదటిది ఒక స్త్రీ హాయిగా నిద్రపోగల చలి, రెండోది ఒక పురుషుడు ముడుచుకుని పడుకుంటే తట్టుకోగల చలి. మూడోది నిద్రకు సంబంధించిన అంకే కాదు, ప్రాణం నిలుపుకోవడానికి. అక్కడ ఒళ్లు చల్లబడి ప్రమాదంలో పడవచ్చు. చావుబతుకుల అంకెను పైన పెద్దగా వేసి, నిద్రపట్టే అంకెను లోపల దాచి అమ్ముతున్నారు! అదే మాట గట్టిగా అడిగాను. ‘‘అందరూ ఇదే తీసుకెళ్తారు సార్’’ అన్నాడు. డబ్బు తీసుకుని మనిషిని మంచులోకి పంపేవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండవద్దా?

కంఫర్ట్ మైనస్ 10 ఉన్న ఈకల బ్యాగు ధర నా మొత్తం బడ్జెట్‌ను మించిపోయింది. అందుకే కొనలేదు. సాంక్రీలో అద్దెకిస్తారు, అక్కడా పట్టీ చదివాకే తీసుకుంటాను. మిగిలిన డబ్బుతో తేలికైన ఈకల జాకెట్, ఉన్ని మేజోళ్లు కొన్నాను. చెమట పడితే త్వరగా ఆరని నూలు బనియన్లన్నీ ఇంట్లోనే వదిలేస్తున్నాను.

ఇంటికొచ్చి వంటింటి కాటా మీద ఒక్కొక్కటీ తూచాను. అద్దె బ్యాగు, తిండి, నీళ్లు కాక 5 కిలోలలోపే తేలింది. మా బృందంలో ఇంత తేలిక మూట ఇంకెవరిదీ లేదు. మైక్రో స్పైకులు (మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు), గెయిటర్లు (బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు చుట్టే తొడుగులు) కూడా సాంక్రీలోనే అద్దెకు తీసుకుంటాం. నాలుగు రోజుల అవసరానికి వాటిని కొనడం శుద్ధ దండగ.