అమ్మ చెప్పిన టైంకి అలారం మోగాలంటే

ఫోన్‌కి తెలుగు సరిగ్గా రాదు అని ఇప్పటికీ చాలామంది అంటుంటారు గానీ ఆ మాటకి కాలం చెల్లి చాలా రోజులైంది. గూగుల్ తెలుగులో వాయిస్ టైపింగ్ తెచ్చింది 2017లో. మరుసటి ఏడాదే, మాటతో చెప్తే పనిచేసే గూగుల్ అసిస్టెంట్‌కి తెలుగు నేర్పిస్తున్నామని ప్రకటించింది. 2024లో గూగుల్ ఏఐ యాప్ జెమిని మన దేశంలో తెలుగులో కూడా వచ్చింది. అంటే మాటని అక్షరాలుగా మార్చే పని ఇప్పుడు దాదాపు ఉచితంగా దొరుకుతోంది. మరి ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌తో ఎందుకు మాట్లాడట్లేదు? లోపం మైక్‌లో లేదు. విన్న మాటని పట్టుకుని పని చేసిపెట్టే రెండో సగం సరిగ్గా లేదు. ఆ సగం ఎక్కడో ఎవరో మన కోసం రాస్తారని ఎదురుచూడక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్ ఉండి ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష కోట్లిన్ కాస్త వచ్చిన తెలుగువాళ్లు ఎవరైనా రాసుకోవచ్చని నా గట్టి నమ్మకం.

నేను రాసుకున్నది చాలా చిన్న యాప్. అమ్మకి బీపీ, షుగర్ మాత్రలు గుర్తు చెయ్యడం తప్ప ఇంకేం చెయ్యదు. స్క్రీన్ మీద ఒకటే పెద్ద బటన్, నొక్కి మాట్లాడటమే. ఇంట్లో స్మార్ట్ స్పీకర్ ఉంది, పాటలకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాకపోతే దానికి ఏదైనా చెప్పాలంటే ముందు మనసులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకోవాలి, అమ్మకి అది వైవా పరీక్షకి వెళ్లినట్టే ఉంటుంది.

వినే భాగానికి పెద్ద కష్టం లేదు. ఆండ్రాయిడ్‌లో స్పీచ్ రికగ్నైజర్ అని ఒక క్లాస్, అంటే మాటని అక్షరాలుగా మార్చే రెడీమేడ్ కోడ్, ఉంది, భాష తెలుగు అని చెప్పి పిలిస్తే చాలు. అయితే అది ఒక్క జవాబే ఇవ్వదు, తనకి తోచినవన్నీ ఒక లిస్టుగా ఇస్తుంది. చాలా ట్యుటోరియల్స్‌లో మొదటిది తీసుకుని మిగతావి పారేస్తారు. నేను లిస్టు మొత్తం చూస్తాను, అందులో టైంగా అర్థమయ్యేది ఏది ఉంటే దాన్ని తీసుకుంటాను. ఫ్యాన్ చప్పుడు మధ్యలో చెప్పినా యాప్ పట్టుకుంటోందంటే చాలావరకు ఈ ఒక్క పద్ధతి వల్లే.

అసలు పనంతా టైం దగ్గరే ఉంది. మనం గడియారం చెప్పే తీరు చూడండి: ఏడింటికి, ఏడు గంటలకి, ఏడుంపావుకి, ఏడున్నరకి, పావు తక్కువ ఎనిమిదికి, ఎనిమిదింటికల్లా, ఎనిమిది లోపు. వీటిలో ఏదన్నా ఇంట్లో ఎవరికీ క్షణం కూడా అనుమానం రాదు. ప్రోగ్రాంకి మాత్రం ముందు చివర్లో ఉన్న కి, కు, కల్లా, లోపు తీసెయ్యాలి, తర్వాత అర, పావు, ముప్పావు, తక్కువ ఉన్నాయేమో చూడాలి, అప్పుడు అంకె వెతకాలి. ఆ అంకె కూడా ఉన్నదున్నట్టు ఉండదు, మూడు కాస్తా మూడింటికి అవుతుంది, ఆరు ఆరింటికి అవుతుంది, కాబట్టి పేరు మొత్తం వెతికితే దొరకదు, చివరి గుణింతం తీసేసి వెతకాలి. అలా తీసేస్తే పది అనేది 'పద'గా మిగులుతుంది, అది పదకొండు మొదట్లో కూడా ఉంటుంది! అందుకని ముందు పొడుగు పేర్లు వెతికి, చిన్నవి తర్వాత వెతకాలి. ఒంటిగంట మాత్రం ఏ లెక్కలోనూ ఇమడదు, దానికి విడిగా ఒక లైను.

ఇంకో చిక్కు, ఇది తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే ప్రతి డెవలపర్‌కీ తెలియాలి. మాట చివర పొల్లు వచ్చినప్పుడు, నైట్ అనే మాటే తీసుకోండి, దాని పక్కన కంటికి కనపడని ఒక గుర్తు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. మాట చివర అది ఉన్నా లేకపోయినా స్క్రీన్ మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, కోడ్ మాత్రం రెండూ వేరు అంటుంది. పోల్చే ముందే ఆ గుర్తులన్నీ తీసేస్తే ఏ గొడవా ఉండదు.

తర్వాత పొద్దునా రాత్రా అన్న ప్రశ్న. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజామున అనేవి సులువే. మా పెద్దమ్మ వాళ్లు వరంగల్ వైపు, వాళ్ల నోట పొద్దుగాల, మాపటికి అని వస్తుంది, అవీ ఉండాల్సిందే. రాత్రి పదింటికి అంటే ఈరోజు, రాత్రి రెండింటికి అంటే గడియారం లెక్కలో రేపు. ఏమీ చెప్పకుండా ఎనిమిదింటికి అని ఊరుకుంటే యాప్ సొంతంగా ఊహించకూడదు, "పొద్దునా, రాత్రా అమ్మా?" అని అడగాలి.

అన్నిటికంటే నాకు నచ్చిన భాగం అన్నం తిన్నాక అనే మాట. డాక్టర్లు చెప్పేదీ అదే, అమ్మ చెప్పేదీ అదే, కానీ అది ఏ గడియారంలోనూ ఉండదు. అందుకే యాప్ మొదటిసారి తెరిచినప్పుడే టిఫిన్ ఎన్నింటికి, మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి, రాత్రి భోజనం ఎన్నింటికి అని మూడు ప్రశ్నలు అడిగి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత "టిఫిన్ చేశాక షుగర్ మాత్ర" అంటే చాలు.

ఇదంతా ఒక పెద్ద ఏఐ మోడల్‌కి పంపిస్తే అదే చూసుకుంటుంది కదా అని మిత్రులు అడిగారు. చాలాసార్లు చూసుకుంటుంది, నిజమే. కానీ మందుల దగ్గర చాలాసార్లు అనే మాట సరిపోదు. పైగా నెట్ లేకపోతే అది పలకదు. పట్టికలు, నియమాలతో రాసిన కోడ్ ఎప్పుడు అడిగినా అదే జవాబు ఇస్తుంది, తప్పు వస్తే ఏ లైనులో వచ్చిందో కనపడుతుంది. మోడళ్ల మీద నాకు కోపం లేదు, వాటి చోటు వినే భాగంలో. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబర్‌లో అందరికీ ఇచ్చేసిన విస్పర్ అనే మాటల్ని అక్షరాలుగా మార్చే మోడల్‌లో తెలుగు ఉంది, నెట్ లేకుండా ఫోన్‌లోనే నడిచే వాస్క్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌లో తెలుగుకి చిన్న మోడల్ ఉంది, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లు మన భాషల మోడళ్లు ఉచితంగా అందిస్తున్నారు. ఇంత సరంజామా చేతిలో ఉండగా చెయ్యకపోతే ఎలా?

యాప్ అమ్మకి తిరిగి పలికేటప్పుడు ఒక జాగ్రత్త. 7:45 అని అంకెలు ఇచ్చి చదవమంటే ఫోన్ ఎలా చదువుతుందో దాని ఇష్టం, కాబట్టి పావు తక్కువ ఎనిమిదికి అని అక్షరాల్లో రాసే ఇస్తాను, వేగం కొంచెం తగ్గిస్తాను. ఇంకా, పెద్దవాళ్లతో మాట్లాడే యాప్ "మాత్ర వేసుకో" అనకూడదు. "బీపీ మాత్ర వేసుకోండి" అనాలి. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ అమ్మ దాన్ని మనిషిలా పలకరించడం మొదలుపెట్టింది ఆ 'అండి' వచ్చాకే.

చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్నా, ఆ టైంకి మోగకపోతే అంతా వృథా. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే పద్ధతి ఉంది, కదలకుండా పడున్న ఫోన్‌లో బ్యాటరీ మిగలడానికి వెనకాల జరిగే పనుల్ని వాయిదా వేస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి సరిగ్గా ఆ నిమిషానికే మోగాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, 14లో కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి ఆ అనుమతి మొదట ఉండదు. అలారం, క్యాలెండర్ యాప్‌ల కోసం 13లో వేరే అనుమతి పెట్టారు, ఇలాంటి యాప్‌కి అదే సరైన దారి. ఫోన్ ఆపి ఆన్ చేస్తే పెట్టిన అలారాలన్నీ పోతాయి, ఆన్ అవ్వగానే మళ్లీ పెట్టుకునేలా రాయాలి. ఇవన్నీ చేసినా కొన్ని కంపెనీల ఫోన్లు తమ సొంత బ్యాటరీ సేవర్‌తో యాప్‌ని చంపేస్తాయి. అమ్మ ఫోన్ అలాంటిదే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ యాప్‌ని ముట్టుకోవద్దని చెయ్యి పెట్టి చెప్పాల్సి వచ్చింది. మామూలు మనిషికి ఆ సెట్టింగ్ ఎక్కడుందో కూడా దొరకదు, ఇది మాత్రం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ప్లే స్టోర్‌లో పెట్టమని అడిగినవాళ్లకి: డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజులు వరసగా టెస్టింగ్‌లో ఉండాలి. ఇంట్లో వాడుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు, ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్, నేరుగా ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. కానీ పెడతాను, ముందు ఒక పని మిగిలి ఉంది. నా పట్టికలో మా ఇంటి తెలుగు, పెద్దమ్మ వాళ్ల తెలుగు మాత్రమే ఉన్నాయి. శ్రీకాకుళంలో, కడపలో, అనంతపురంలో, ఆదిలాబాద్‌లో మీ ఇంట్లో పెద్దవాళ్లు పొద్దుని, సాయంత్రాన్ని, పావు, అరలని ఏమంటారో వాళ్లు అన్నట్టే రాసి పంపండి, ఒక్కోటీ పట్టికలోకి ఎక్కిస్తాను.