బుజ్జిగాడి పెరుగన్నం

మంగళవారం, రాత్రి

ఈరోజు మా కుక్క బుజ్జిగాడికి రెండోసారి రక్తపరీక్ష. పోయిన గురువారం ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, 28 వేలే. కుక్కలకు మామూలుగా రెండు లక్షలకు తగ్గకూడదట.

ఆ రోజు వాడి పొట్ట మీద ఎర్ర చుక్కలు చూసి చెమటకాయలేమో అనుకుని నేను పౌడర్ చల్లాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డాక్టర్ గారు ఒక చుక్కను వేలితో నొక్కి వదిలారు. ఎరుపు పోలేదు. చర్మం కింద రక్తం చిమ్మిందన్నమాట. ఆయన మిషన్ లెక్కను కూడా వెంటనే నమ్మలేదు. ట్యూబులో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటే అంకె తక్కువ వస్తుందట, పిల్లుల్లో అయితే మరీ ఎక్కువట. స్లైడ్ మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూశాకే "నిజంగానే తక్కువున్నాయండీ" అన్నారు. తర్వాత కిట్ టెస్టులో ఎర్లికియా అని తేలింది. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. అది కాకుండా, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను చంపుతుంటే స్టెరాయిడ్లు వాడాల్సి వచ్చేదట.

డాక్సీసైక్లిన్ 28 రోజులు. ఖాళీ కడుపుతో వేస్తే వాంతి చేసుకుంటాడు, అందుకని అన్నంతోనే వేయాలి. కానీ పాలు, పెరుగు కలపకూడదు, వాటిలోని కాల్షియం మందును పట్టేస్తుంది. ఇది తెలియక అమ్మ మొదటి రెండు రోజులూ మాత్రను పెరుగన్నంలోనే పెట్టింది! ఇప్పుడు ఉడికించిన కోడి లివర్‌లో దాచి పెడుతున్నాం. దొరగారి భోగం.

"బొప్పాయాకు రసం పట్టిద్దామురా" అని అమ్మ రోజూ అంటోంది. పక్కింటి పిన్నిగారు కూడా అదే మాట. నేను ఒప్పుకోలేదు. అసలే అన్నం సరిగ్గా తినని వాడికి ఆ చేదు ఎందుకు?

ఈరోజు లెక్క 94 వేలు. సూది గుచ్చిన చోట నర్సమ్మ అయిదు నిమిషాలు దూది అదిమి పట్టుకుంది. వాడు ఆమె చెయ్యి నాకుతూ కూర్చున్నాడు. ఆడించకండి, ఎముకలు పెట్టకండి, మీ దగ్గరున్న నొప్పి మాత్రలు ఏవీ వేయకండి అని మళ్లీ చెప్పారు.

సాయంత్రమంతా టార్చి పట్టుకుని ఇల్లు గాలించాను. కుక్క ఒంటి మీదివి ఏరేస్తే సరిపోదట, ఆడ గోమారి గోడ పగుళ్లలోకి పోయి వేలల్లో గుడ్లు పెడుతుందట. కూలర్ వెనక మూడు దొరికాయి. స్పిరిట్ సీసాలో వేశాను. రేపు మేస్త్రీని పిలిచి ఆ పగుళ్లు పూడ్పించాలి.

మాత్రలు ఇంకా 22 రోజులున్నాయి. బుజ్జిగాడు ఫ్రిజ్ ముందు కూర్చుని, పెరుగు గిన్నె ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తున్నాడు.