సంతకం పెట్టని మాస్టర్

పూర్వ విద్యార్థుల సమావేశం కోసం మన బడి గురించి రాయమంటే హెడ్‌మాస్టారి బెత్తం, లెక్కల సారు విసిరే చాక్‌పీసు ఎలాగూ వస్తాయి. వాటిని మిగతావాళ్లకి వదిలేసి నేను కరాటే మాస్టర్ గురించి రాస్తాను. ఆయన స్టాఫ్ కాదు కాబట్టి ఏ గ్రూప్ ఫొటోలోనూ కనిపించరు. పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండ్ వాడుకోనిచ్చినందుకు బదులుగా ఏటా ఆగస్టు 15న మా చేత పెంకులు పగలగొట్టించేవారు. అదంటే ఆయనకు పరమ చిరాకు. "ఇది మేస్త్రీ పనిరా, కరాటే కాదు" అంటూనే పెంకులు పేర్చేవారు.

నా దస్తూరి బాగుంటుందని రిజిస్టరు నాకు అప్పగించారు. అందువల్ల మిగతా పిల్లలకి తెలియని సంగతులు కొన్ని నాకు తెలిశాయి. పొడవాటి అకౌంటు పుస్తకం అది. ఎడమ పేజీలో హాజరు, ఫీజు నేను రాసేవాణ్ణి. కుడి పేజీ మాస్టర్‌ది, పెన్సిలుతో. ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఒక్కో ముక్క ఉండేది: "వెనక మడమ లేస్తోంది", "తిరిగేటప్పుడు కిందికి చూస్తున్నాడు", "కియాయ్ గొంతులోంచే, పొట్టలోంచి రావట్లేదు". కియాయ్ అంటే దెబ్బతోపాటు వేసే కేక. కటా అంటే ఒక వరసలో చేసే కదలికల కూర్పు. హెయాన్ షోదాన్ అనే కటాలో 21 కదలికలు. తొమ్మిదో దానికీ పదిహేడో దానికీ కియాయ్ ఇవ్వాలి. షోటోకాన్ అనే మా కరాటే శైలిలో పిల్లలు మొదట్లోనే నేర్చుకునే కటా అది. ఆ మడమ నేలకి ఆనేదాకా ఆయన ఆ పెన్సిలు గీతని రబ్బరుతో చెరిపేవారు కాదు. గీత చెరిగితేనే గ్రేడింగ్ ఫారం మీద సంతకం.

పేచీ అంతా అక్కడే. గ్రేడింగ్ అంటే పిల్లాడికి కొత్త రంగు బెల్టు, తల్లిదండ్రులకి ఫొటో, కరాటే సంఘానికి ఫీజులో వాటా. ఎక్కువమందిని కూర్చోబెడితే ముగ్గురూ సంతోషిస్తారు. తక్కువమందిని పంపితే సంఘం నుంచి ఫోను వచ్చేది. పైగా ఆ ఏడాది సంఘానికి కట్టాల్సిన అఫిలియేషన్ (గుర్తింపు) రెన్యువల్ డబ్బు ఆయన జేబులోంచే పోయేది. "మాస్టర్ గారూ, పక్కింటోళ్ల బాబు వేరే క్లాసులో ఆరెంజ్‌కి వచ్చేశాడు, మావాడు ఇంకా ఎల్లోలోనే ఉన్నాడు" అని ఓ అమ్మ ప్రతి నెలా ఫీజుతోపాటు ఈ మాట కూడా ఇచ్చి వెళ్లేది. ఆయన రిజిస్టరు తెరిచి కుడి పేజీ చూపించేవారు. ఆవిడకి అది అర్థమయ్యేది కాదు. ఆ పిల్లాణ్ణి మాన్పించారు కూడా.

ఇంకో నాన్న వచ్చి, "ఇంట్లో మాట వినట్లేదండీ, కాస్త నాలుగు తగిలించండి" అన్నాడు. "తగిలించడం నేర్పిస్తానండీ, తగిలించను" అన్నారు మాస్టర్. అలాగని తల్లిదండ్రుల మాట ఆయన తీసిపారేసేవారని కాదు. సంక్రాంతి దాటాక పదో తరగతి వాళ్లకి కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడడం, ఉండేది కాదు. చెయ్యి విరిగితే పరీక్ష ఎవరు రాస్తారని ఆయనే ఆపేసేవారు. తొమ్మిదిలోకి రాగానే ఆడపిల్లల్ని మాన్పిస్తుంటే, ఆ అమ్మల్ని పిలిచి గ్రౌండ్ గట్టు మీద కూర్చోబెట్టి క్లాసు చూపించేవారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాద్ యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో రాష్ట్ర స్థాయి పోటీలు. మా బ్యాచ్‌లో అందరికన్నా బాగా ఆడేవాడికి, బయల్దేరడానికి ముందు ప్రాక్టీసులో కణత మీద కాలు తగిలింది. పడలేదు, నవ్వాడు. కాసేపటికి గోడ పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. మాస్టర్ వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వచ్చాక లిస్టులో వాడి పేరు మీద గీత కొట్టమని నాకు చెప్పారు. వాడు ఏడ్చాడు. వాళ్ల నాన్న గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు కొన్నాడట, చుట్టాలందరికీ చెప్పాడట. "డాక్టరు కూడా రెండ్రోజుల్లో తగ్గుతుందన్నాడు కదా సార్" అని ఆ నాన్న వాదించాడు. ఎంట్రీలు మూసేశాక పేరు తీస్తే జిల్లాకి మాట వస్తుందని సంఘం పెద్ద ఫోనులో అరిచాడు. ముగ్గురూ ఒకవైపు, ఆయనొక్కడే ఇంకోవైపు. మీ పిల్లల క్షేమం కోసమే అనే ఉపన్యాసం ఆయన ఇవ్వలేదు. "తల మీద ఇంకో దెబ్బ పడితే నేను జవాబు చెప్పలేను" అన్నారు, అంతే. ఇప్పుడైతే కంకషన్ అని ఓ పేరుంది, తగ్గేదాకా ఆడించకూడదని నియమాలూ ఉన్నాయి. అప్పుడు ఆయన దగ్గరున్నది ఆ వాంతి ఒక్కటే.

ఇంతవరకూ నేను ఆయన పక్షమే. తర్వాతి సంగతిలో మాత్రం కాదు.

ఊళ్లో రెండో సంఘం పుట్టింది. వాళ్ల పోటీల్లో ఆడినవాళ్ల గ్రేడ్లు రద్దు చేస్తామని మొదటిది సర్క్యులర్ పంపింది. ఇంటర్ చదివే ఇద్దరు సీనియర్లు స్పోర్ట్స్ కోటా ఆశతో అక్కడికి వెళ్తామన్నారు. మాస్టర్ వద్దన్నారు. వాళ్లిద్దరూ వెళ్తే చిన్నపిల్లలందరి బెల్టులూ చిక్కులో పడతాయన్నది ఆయన లెక్క. లెక్క తప్పు కాదు. కానీ ఎన్నో ఏళ్లు ఆ గ్రౌండ్‌లో చెమటోడ్చినవాళ్లకి అదే చివరి అవకాశం. చిన్నవాళ్లకి ముందు చాలా ఏళ్లున్నాయి. ఒక సీనియర్ మానేసి వేరే మాస్టర్ దగ్గరికి పోయాడు. కనీసం సంఘానికి ఒక ఉత్తరమైనా రాసి ఉండొచ్చు కదా అని నేను ఇప్పటికీ అంటాను.

ఈ సంఘాల గొడవ మన ఊరికే పరిమితం కాదని తర్వాత తెలిసింది. 2020 జనవరిలో భారత ఒలింపిక్ సంఘం కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు తీసేసింది. ఆ జూన్‌లో ప్రపంచ కరాటే సమాఖ్య కూడా తాత్కాలికంగా పక్కన పెట్టింది. మరుసటి ఏడాది టోక్యోలో కరాటే మొదటిసారి ఒలింపిక్స్‌కి వస్తే అందులో మనవాళ్లు ఒక్కరూ లేరు. 2024 పారిస్‌లో అసలు ఆ ఆటే లేదు. ఢిల్లీలో కుర్చీలు మారినప్పుడల్లా ఊళ్లో మాస్టర్లు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని ఏ సంఘం చెల్లుతుందా అని తిరగాల్సి వస్తుంది. ఆ తిప్పలు ఎలా ఉంటాయో రిజిస్టరు మోసినవాణ్ణి కాబట్టి నాకు కొంత తెలుసు.

ఉత్తరం సంగతి ఆమధ్య మాస్టర్‌తో ఫోనులో మళ్లీ ఎత్తాను. "రాస్తే మనల్ని కూడా తీసేసేవాళ్లురా, అప్పుడు నువ్వు బ్రౌన్ బెల్టు పరీక్షకి ఎక్కడ కూర్చునేవాడివి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కానీ ఒప్పుకోనూ లేదు. ఈసారి సమావేశానికి మాస్టర్‌నీ, మానేసిన ఆ సీనియర్‌నీ ఇద్దర్నీ పిలిచాం. ఇద్దరూ వస్తామన్నారు. మిగతాది వాళ్లే మాట్లాడుకుంటారు.